తొంభై సెకన్ల సబబు

ఓదెలు తన జన్మలో ఎవరి మీదా చెయ్యెత్తి ఎరగడు. ఇంట్లో కోడిని కొయ్యాలన్నా పక్క క్వార్టరు వాణ్ణి పిలిచే మనిషి. అతను చేసిందల్లా అడిగిన ప్రశ్నలకు జవాబులు చెప్పటం. పద్నాలుగు నెలల పాటు చల్లటి గదిలో, మెత్తటి కుర్చీలో కూర్చుని, పదకొండు వేల ప్రశ్నలకు జవాబులు చెప్పాడు. ఆ జవాబులు ఎక్కడికి పోతున్నాయో అతనికి తెలుసు. తెలిసే చెప్పాడు. ఆ సంగతి దాచటానికి లేదు.

ఐదో బాయిలో అతను సర్దారు, లోపల పనివాళ్ళ జట్టుకు పెద్ద. బాయి అంటే బొగ్గుగని. ఆ కాలనీలో పుట్టి పెరిగిన వాళ్ళెవరూ దాన్ని గని అనరు. ఆరో తరగతిలో బడి మానేసి, పద్దెనిమిదో ఏట తట్ట పట్టుకుని లోపలికి దిగి, ముప్ఫై ఏళ్ళలో సర్దారు దాకా వచ్చాడు. కర్రతో పైకప్పు మీద కొట్టి, చప్పుడు విని, అది నిలిచేదో కూలేదో చెప్పగలడు. అయినా చదువుకున్నవాళ్ళు అతన్ని కూర్చోబెట్టి ఏదైనా అడిగింది లేదు, యంత్రాలకు బుద్ధి నేర్పే డాక్టర్ సువర్చల వచ్చేదాకా.

ఆమె వచ్చి కంపెనీ పాత స్టోర్సు బిల్డింగులో యంత్రం పెట్టింది. మొదటి రోజు కార్మికులందరినీ పిలిచి, గుప్పెడు బొగ్గును రేకు డబ్బాలో పోసి, కొంచెం వెచ్చబెట్టి, పక్క గదిలో పెట్టి తాళం వేసింది. రెండు నిమిషాల్లో యంత్రం కూసింది. ఆ బొగ్గు మనిషి ముక్కుకు వాసన తగలాలంటే మరో అయిదు గంటలు పడుతుంది. భూమి కింద, తవ్వి వదిలేసిన గదుల్లో బొగ్గు తనంతట తానే రాజుకుంటుంది. మంట కనిపించేసరికి గాలి విషమైపోతుంది, ఆ తర్వాత పేలుతుంది. ఈ యంత్రం ముందే పసిగట్టి, ఆ వైపున్న ఇనుప తలుపులు మూసేస్తే, ఇవతలివాళ్ళు బతుకుతారు.

అందరూ చప్పట్లు కొట్టారు. ఓదెలు మాత్రం వెనక నుంచి, "తలుపు మూసుడు అల్కటి పని మేడం. అవతల మనిషుంటెనే కష్టం," అన్నాడు.

ఆ ఒక్క మాటకు ఆమె అతన్ని ఏరుకుంది.

యూనియన్ పెట్టిన షరతు కూడా అదే. మనిషి అవతల ఉండగా యంత్రం ఊరికే తలుపు మూయకూడదు. ఎంతసేపు ఆగాలో, ఎందుకు మూయాలో బాయి మనుషుల దగ్గరే నేర్చుకోవాలి. మూసే ముందు కారణం తెర మీద రాయాలి. బాయి మనిషి ఒకడు ప్రతి షిఫ్టులో దాని ముందు సాక్షిగా కూర్చుని, ఆ కారణం చదివి, 'సబబే' అనో 'కాదు' అనో మీట నొక్కాలి. 'కాదు' అంటే తలుపు ఇంకొంచెం ఆగుతుంది, నాలుగు నిమిషాల దాకా. అంతకు మించి ఎవరు చెప్పినా ఆగదు. ఊళ్ళో పంచాయితీ చెప్పే పెద్దమనుషులు ఉంటారు కదా, అలాగే దీనికీ కార్మికులు 'పెద్దమనిషి' అని పేరు పెట్టారు.

నేర్పటానికి పన్నెండు మందిని తీసుకున్నారు. నెల తిరక్కుండానే పది మంది మానేశారు. ఒకడికి నిద్ర పట్టలేదు, ఇంకొకడికి బీపీ వచ్చింది. పదకొండోవాడు రాయమల్లు. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే సపోర్టు పని చేసే మనిషి, గట్టివాడు. మూడో వారం, అవతల ఒక్కడున్నాడన్న ప్రశ్నకు లేచి నిలబడి, "నేను మూయ," అన్నాడు.

"ఇవతల ముప్ఫై మంది ఉన్నారు, రాయమల్లు గారూ," అంది డాక్టరు.

"ఉండనీ. ఆడు ఏం జేసిండని? నేను మూయ."

"సరే. ఎందుకో చెప్పండి, రాసుకుంటాను."

రాయమల్లు చాలాసేపు నేల చూశాడు. "ఎందుకో తెల్వది మేడం," అన్నాడు.

కారణం లేని జవాబు యంత్రానికి పనికిరాదు. అతనికి మర్యాదగా టీ ఇచ్చి పంపేశారు. ఆ పూట ఓదెలు లోలోపల నవ్వుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు బాయిలో పనిచేసి ఒక మాటకు కారణం చెప్పలేడా మనిషి!

ఓదెలుకు కారణాలు ఊటలా వచ్చేవి.

"ఏడో లెవల్లో వేడి పుట్టింది. ఇవతల ఇరవై మంది. అవతల ఒక్కరు, పర్మనెంటు, నలభై ఏళ్ళు. ఎంతసేపు ఆగుతారు, ఓదెలు గారూ?"

బల్ల మీద గుండ్రటి మర ఉండేది. దాన్ని తిప్పి సెకన్లు చూపించాలి. ఓదెలు తిప్పేవాడు. "రెండు వందల నలభై."

"ఎందుకు?"

"ఆయినకు తొవ్వ తెలుసు మేడం. చీకట్ల గూడ ఉర్కొస్తడు. ఆగినందుకు ఫాయిద ఉంటది."

"ఇప్పుడు అవతల ఒక్కరు, కాంట్రాక్టు, ఇరవై ఆరేళ్ళు."

"తొంభై."

"ఎందుకు?"

"ఆనికి తొవ్వ ఎర్కుండదు. జంక్షన్ కాడ ఎటో తిరుగుతడు. ఆగినా రాడు, ఇవతలోళ్ళకు అన్యాయం అయితది."

ఆమె రాసుకునేది. అతను చెప్పిన మాటలే చక్కటి వాక్యాలుగా మారి తెర మీద కనబడేవి. వాటిని చదువుకుంటే ఓదెలుకు ఒళ్ళు ఝల్లుమనేది. ఆరో తరగతిలో తెలుగు మాస్టారు బెంచీ ఎక్కించిన పిల్లగాడి మాటలివి! "మీ జవాబుల్లో తడబాటు ఉండదండీ," అనేదామె. 'గారూ' అనేది. 'అండీ' అనేది. ఈ ముక్కలకు మనిషి ఎంత దూరమైనా పోతాడు, పోయాక తెలుస్తుంది.

ఇంట్లో మాత్రం వేరే పంచాయితీ నడుస్తూ ఉంది.

ఓదెలుకు ఒక్కతే కూతురు, రజిత. అల్లుడు సదానందం అదే ఐదో బాయిలో కాంట్రాక్టు మీద పంపు నడుపుతాడు. పొద్దంతా ఊట నీళ్ళు తోడటం, రాత్రి ఒళ్ళు తోముకోవటం. వాళ్ళకు మూడేళ్ళ పాప. బాయిలో ఒక పద్ధతి ఉంది. పర్మనెంటు కార్మికుడికి ఒంట్లో బాగా లేదని, ఇక దిగలేడని మెడికల్ బోర్డు రాసిస్తే, అతని ఉద్యోగం కొడుక్కో అల్లుడికో, లేకపోతే కూతురికో వస్తుంది. దాన్ని అన్‌ఫిట్ కావటం అంటారు. ఓదెలు మోకాళ్ళు అరిగిపోయి రెండేళ్ళయింది. కాగితాలు పెడితే బోర్డు ఒక్క చూపుకే రాసిచ్చేది. పెళ్ళప్పుడు అతను ఆ మాట ఇచ్చాడు కూడా.

"మామా, గీ నెల పెడ్తవా కాయితాలు?" అని సదానందం అడిగితే, "పెడ్త గని, మేడం పని సగంల ఉన్నది. ఈ మొత్తం బాయిల ఆమెకు నేనొక్కణ్ణే దొరికిన," అనేవాడు.

"ఆమెకు నువ్వొక్కనివే దొరికినవు. నాకు నువ్వు దొరుకుతలేవు," అని అల్లుడు నవ్వేవాడు. మంచి నవ్వు. పై పన్ను కొంచెం విరిగి ఉండేది. ఒకరోజు అన్నం తింటూ, "నీ పెద్దమనిషి నా కోసం ఎంతసేపు ఆగుతది మామా?" అని అడిగాడు.

"నీకు ఆగుడెందుకు? నువ్వు కుందేలు లెక్క ఉర్కుతవు."

"అది నీకెర్క. దానికెట్ల ఎర్క?"

రజిత చారు పోస్తూ, "తినేటప్పుడు ఏం మాటలివి?" అని ఇద్దర్నీ కసిరింది. ఆ ప్రశ్న చారులో కలిసిపోయింది.

ఏడో నెలలో డాక్టరు అతన్ని పిలిచి తెర మీద ఒక బొమ్మ చూపించింది. రెండు గీతలు. ఒకటి పైన, ఒకటి కింద.

"ఓదెలు గారూ, వయసు మార్చి అడిగాను. పిల్లలున్నారని అడిగాను, లేరని అడిగాను. మీ జవాబు పెద్దగా మారలేదు. ఒక్కచోటే మారుతోంది. పర్మనెంటు అయితే మీరు నాలుగు నిమిషాలు ఆగుతున్నారు. కాంట్రాక్టు అయితే నిమిషంన్నర. ప్రతిసారీ. మీకు తెలుసా ఈ సంగతి?"

ఓదెలుకు చెంప మీద కొట్టినట్టయింది. "నా అల్లుడే కాంట్రాక్టు మేడం. నాకు గసొంటి ఎచ్చుతక్కువ లేదు. తొవ్వ ఎర్కున్నోడు జల్ది వస్తడు, ఎర్కలేనోడు రాడు. ఉన్న మాట చెప్పిన. కాంట్రాక్టోళ్ళు ఆరు నెలలకొకలు మారుతరు, వాళ్ళకు బాయి ఏం తెలుస్తది?"

ఆమె ఒక క్షణం ఆలోచించి, 'అనుభవం' అని కాగితం మీద రాసి, కింద గీత గీసింది. ఆమె మొహంలో బరువు దిగిపోయింది. మంచి కారణం ఒకటి దొరికితే చదువుకున్నవాళ్ళకు ఎంత హాయిగా ఉంటుందో ఓదెలు ఆ రోజు దగ్గరగా చూశాడు. తనకూ హాయిగానే ఉంది. ఇద్దరూ టీ తాగారు.

ఇంకొక్క సంగతి చెప్పాలి. తెర మీద మనుషుల పేర్లు రాకూడదని అందరూ కలిసి ఒప్పుకున్నారు. సాక్షిగా కూర్చున్నవాడికి పేరు తెలిస్తే చెయ్యి వణుకుతుంది, చుట్టం అయితే ఆపేస్తాడు, పగవాడయితే మూసేస్తాడు అని. న్యాయమైన మాటే. అందుకని మనిషి మెడలో ఉండే హాజరు బిళ్ళ గుర్తు మాత్రమే తెర మీద కదులుతుంది. పర్మనెంటు వాళ్ళకు ఇత్తడి గుండ్రటి బిళ్ళ. కాంట్రాక్టు వాళ్ళకు రేకు చదరపు బిళ్ళ. తాతల కాలం నుంచి అంతే. పేర్లు తీసేశారు, ఊరు తీసేశారు, వయసు తీసేశారు. బిళ్ళ ఆకారం సంగతి ఒక్కరికీ తట్టలేదు. అది కళ్ళకు అంత అలవాటు.

పెద్దమనిషిని బాయిలో బిగించి నాలుగు నెలలయింది. ఆ రోజు మొదటి షిఫ్టులో ఓదెలు సాక్షి. అంతకు ముందు రోజే అతను ఇంట్లో మెత్తబడి, "రేపు మూడు గంటలకు పెద్దాస్పత్రికి పోయి అన్‌ఫిట్ ఫారం తెద్దాం," అన్నాడు. సదానందానిది రెండో షిఫ్టు. మామ మనసు మళ్ళీ మారకముందే పని అయిపోవాలని, సాయంత్రం చెయ్యి ఖాళీ చేసుకోవటానికి, తోటి పంపువాడితో షిఫ్టు మార్చుకుని పొద్దున్నే దిగాడు. మామకు చెప్పలేదు. చెప్పేదేముంది, మూడు గంటలకు ఆస్పత్రి దగ్గర కలుస్తాడు కదా.

పది గంటల పది నిమిషాలకు పెద్దమనిషి కూసింది.

ఏడో లెవల్ పాత గదుల్లో వేడి. తెర ఎర్రబడింది. ఇవతల పక్క గుండ్రటి గుర్తులు, చదరపు గుర్తులు కలిపి ముప్ఫై ఒకటి, చీమల్లా ఒకచోటికి చేరుతున్నాయి. తలుపుకు అవతల, కింద లెవల్లో, ఒక్క చదరం. అది కదిలింది. సెకన్లు లెక్క మొదలైంది.

డెబ్భయ్యో సెకనుకు తెర మీద అక్షరాలు వచ్చాయి.

'ఆవల ఉన్నది ఒక్కరు. ఈవల ముప్ఫై ఒక్కరు. ఆ ఒక్కరికి దారి తెలిసి ఉండే అవకాశం తక్కువ. ఆగినందువల్ల ప్రయోజనం కనబడటం లేదు. తొంభై సెకన్లకు మించి ఆగటం ఈవలివారికి అన్యాయం.'

పక్కన ఉన్న ఇంజనీరు కుర్రాడు అతని వైపు తిరిగాడు. "ఏమంటారు, ఓదెలన్నా?"

ఓదెలు చదివాడు. అంతా సరిగ్గా ఉంది. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. ఎక్కడో విన్నంత దగ్గరగా ఉంది. సొంత మాట ఎవరికైనా అట్లాగే ఉంటుంది. చెయ్యి వణకలేదు. 'సబబే' నొక్కాడు.

తొంభయ్యో సెకనుకు ఇనుప తలుపు పడింది. దాన్ని మళ్ళీ తెరిచే వీలు లేదు. గాలి తగిలితే ఆ మంట బాయి మొత్తాన్ని మింగుతుంది.

చదరం ఆగలేదు. అది జంక్షన్ దగ్గరికి వచ్చింది. అక్కడ కుడికి తిరిగితే బొగ్గు మోసిన పాత బెల్టు దారి, చావు. ఎడమకు తిరిగితే తలుపు. చదరం ఒక్క క్షణమైనా తడుముకోలేదు. ఎడమకు తిరిగింది. పంపు పైపు వెంబడి అడ్డదారి ఒకటి ఉంది, నీళ్ళు తోడేవాళ్ళకు తప్ప ఇంకెవరికీ తెలియదు. దాంట్లోంచి సూటిగా వచ్చింది. నూట ముప్ఫయ్యో సెకనుకు తలుపు గీత దగ్గరికి చేరింది.

చేరి, నిలబడింది. కొంచెం ఎడమకు జరిగింది. కొంచెం కుడికి జరిగింది. మళ్ళీ మధ్యకు వచ్చింది. ఆ తర్వాత కదల్లేదు.

"దారి తెలిసినోడే," అన్నాడు ఇంజనీరు కుర్రాడు, ఏడుపు గొంతుతో.

ఓదెలు తెర వైపే చూస్తున్నాడు. అతని మనసులో అప్పుడు ఏముందో తర్వాత తనకే సిగ్గేసింది. 'ఎవడో పాపం' అనుకున్నాడు. అంతే అనుకున్నాడు. పావుగంట తర్వాత, దిగేవాళ్ళకు దీపాలు, బిళ్ళలు ఇచ్చే లాంప్ రూం నుంచి ఫోన్ వచ్చింది. బిళ్ళ నంబరు చెప్పారు, దాని పక్కన పేరు చెప్పారు.

మంట చల్లారి, పదహారో రోజుకు గానీ శవాన్ని బయటికి తీయలేకపోయారు. ఈ పదహారు రోజుల్లో బతికి బయటపడిన ముప్ఫై ఒక్క మంది ఒకరి తర్వాత ఒకరు ఇంటికి వచ్చారు. చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు. బతికి ఉండటం వాళ్ళ తప్పు కాదు కదా. ఒకడు తన భార్యను, పసిపిల్లను కూడా తీసుకొచ్చి, "మీ ఆయన పున్యంతోటి దీనికి తండ్రి మిగిలిండు చెల్లె," అన్నాడు. రజిత ఆ పసిదాన్ని చూసి తల ఊపింది.

పిట్ సెక్రటరీ సారంగపాణి, యూనియన్ తరఫున గేటు దగ్గర బ్యానర్ కట్టించాడు. 'ముప్ఫై ఒక్క మంది కోసం ప్రాణత్యాగం చేసిన సదానందం అమర్ రహే.' శవం వచ్చిన రోజు రజిత ఆ బ్యానర్ కింద నిలబడి చదివింది.

"సెక్రటరీ సాబ్, త్యాగం చేస్తనని ఆయన ఎవరికి చెప్పిండు?" అని అడిగింది.

"అదేందమ్మా, అట్లంటవు?"

"ఆయన తలుపు కొట్టిండు. చేతులు చూసిన నేను, కనుపులు పలిగి ఉన్నయి. త్యాగం చేసేటోడు తలుపు కొడ్తడా?"

సారంగపాణి జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఓదెలు కూతురి వెనకే నిలబడి ఉన్నాడు. అప్పటికి ఆమెకు తెలిసింది యంత్రం తలుపు మూసిందని మాత్రమే. ఏ షిఫ్టుకు ఎవరు సాక్షో, మీట నొక్కింది ఎవరో బయటికి చెప్పకూడదని ఒప్పందంలో ఉంది. ఆ ఒప్పందం ఓదెలును కాపాడుతోంది. కాపాడటం అంటే, గొంతులో ఎముక ఇరికినవాణ్ణి నోరు తెరవొద్దనటం.

విచారణ కంపెనీ కల్యాణ మంటపంలో జరిగింది. మొన్నటి పెళ్ళి తాలూకు కాగితపు పూలు ఇంకా స్తంభాలకు వేలాడుతున్నాయి. రజిత నాలుగో వరసలో, పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఒక్కొక్కరే లేచి చెప్పారు. మేనేజరు లెక్క చెప్పాడు, ఒకటి కన్నా ముప్ఫై ఒకటి పెద్దదని. సారంగపాణి, బాయిలో దిగే ప్రతి కార్మికుడూ తోటివాడి కోసం చావటానికి సిద్ధమయ్యే దిగుతాడు కాబట్టి ఇది అన్యాయం కాదన్నాడు. సేఫ్టీ ఆఫీసరు, చంపింది మంట, తలుపు కాదన్నాడు. కాంట్రాక్టరు మనిషి అయితే, కాగితం మీద సంతకం పెట్టే చేరాడు కదా అన్నాడు. ఒకరి కారణం ఒకరికి పొసగదు. ఒకదాన్ని నమ్మితే ఇంకొకటి అక్కర్లేదు. తీర్పు మాత్రం అందరిదీ ఒక్కటే. ఓదెలు వింటూ ఉన్నాడు. ఈ కారణాలన్నీ తను ఎప్పుడో ఒకప్పుడు ఆ చల్లటి గదిలో చెప్పినవే.

డాక్టర్ సువర్చల లేచింది. మనిషి సగమయింది. దాచకుండా రెండు గీతల బొమ్మ చూపించింది. "ఇది నేను చూశాను. కారణం అడిగాను. బాగానే ఉందనిపించింది. రాసుకున్నాను," అంది. అంతే చెప్పి కూర్చుంది.

అప్పుడు ఓదెలు పిలవకుండానే లేచాడు.

"ఆ కారణం చెప్పింది నేను సార్. ఆ దినం 'సబబే' అని ఒత్తింది గూడ నేనే."

అతను నాలుగో వరస వైపు చూడలేదు. చూసే ధైర్యం ఉంటే మూడు వారాల కిందటే చెప్పేవాడు.

విచారణ ఆఫీసరు నెమ్మదైన మనిషి. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "కూర్చుని చెప్పండి. నొక్కినప్పుడు అది సబబే అనుకున్నారా?"

"అనుకున్న సార్."

"ఇప్పుడు?"

"తప్పు సార్. నాలుగు నిమిషాలు ఆగేదుండె. మూడు నిమిషాల నలభై సెకన్ల దాక ఏం గాకపోవునని పెద్దమనిషే చెప్పింది తర్వాత. ఆ పిల్లగాడు రెండు నిమిషాల పది సెకన్లకే వచ్చిండు."

"అది తర్వాత తెలిసింది. అప్పుడు తెలియదు కదా. తెలియనప్పుడు ముప్ఫై ఒక్క మందిని పణంగా పెట్టమంటారా?"

"గుండ్రం బిళ్ళకయితే పెడ్తుంటిమి గద సార్."

ఆఫీసరు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత జాలిగానే అడిగాడు. ఆ జాలే ఓదెలును చంపింది. "ఓదెలు గారూ, ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఆ రోజు అవతల ఉన్నది మీ అల్లుడు కాకుండా, ఎవరో కాంట్రాక్టు కుర్రాడై ఉంటే, ఈ రోజు ఇక్కడ లేచి ఈ మాట అనేవారా?"

ఓదెలు నోరు తెరిచాడు. పదకొండు వేల ప్రశ్నలకు తడబడనివాడు. 'ఎవడో పాపం' అనుకున్న ఆ పావుగంట గుర్తొచ్చింది. నోరు మూసుకున్నాడు.

"మరి తప్పు అంటున్నారు. ఎందుకు తప్పో చెప్పండి. రాసుకుంటాం."

ఓదెలు చాలాసేపు నేల చూశాడు. కాగితపు పువ్వు ఒకటి కాలి దగ్గర పడి ఉంది.

"ఎందుకో తెల్వది సార్," అన్నాడు.

గుమాస్తా రాసుకున్నాడు: సాక్షి తన అభ్యంతరానికి కారణం చెప్పలేకపోయాడు.

రెండు నెలలకు ఆర్డరు వచ్చింది. నిర్ణయం సబబైనదేనని తేలింది. అయితే పర్మనెంటు, కాంట్రాక్టు అని తేడా చూపటం తగదని, సాక్షి ఓదెలు వాంగ్మూలాన్ని మన్నిస్తూ, ఆ తేడా తీసేశారు. బిళ్ళలన్నీ గుండ్రంగా పోత పోయించారు. ఇక మీదట అందరికీ ఒక్కటే లెక్క.

తొంభై సెకన్లు.

సారంగపాణి గేటు దగ్గర మిఠాయి పంచాడు. ఇరవై ఏళ్ళ నుంచి యూనియన్ సాధించలేని సమానత్వం ఓదెలు ఒక్క మాటతో సాధించాడని చెయ్యి పట్టి ఊపాడు. "రెండు వందల నలభై చేయాలె గదనే అందరికీ," అన్నాడు ఓదెలు. "అది మనం ఆలోచించలేదు, వచ్చే చర్చల్ల పెడ్దాం," అని సారంగపాణి మిఠాయి డబ్బా ఇంకొకరి వైపు తిప్పాడు. ఓదెలు డాక్టరు దగ్గరికి పోయాడు. స్టోర్సు బిల్డింగుకు తాళం వేసి ఉంది. ఆమె రాజీనామా చేసి వెళ్ళిపోయిందని వాచ్‌మన్ చెప్పాడు. యంత్రం మాత్రం వెళ్ళలేదు. ఇంకో పదకొండు బాయిలకు పెద్దమనుషులు తయారవుతున్నారు, అతని మాటలతోనే.

మెడికల్ బోర్డు ఓదెలును ఒక్క చూపుకే అన్‌ఫిట్ రాసింది. ఉద్యోగం కూతురికి వచ్చింది. లాంప్ రూంలో పని. దిగేవాళ్ళకు దీపం, బిళ్ళ ఇవ్వటం, ఎక్కినవాళ్ళ దగ్గర తీసుకోవటం. రజిత వద్దనలేదు. పాపను బడికి పంపాలి. విచారణ రోజు నుంచి ఆమె తండ్రితో మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది. పాపను మాత్రం ఆదివారం పూట పంపించేది, సాయంత్రానికి తీసుకుపోయేది, గుమ్మం బయట నిలబడి.

ఆమె డ్యూటీలో చేరిన రోజు సాయంత్రం ఓదెలు కూతురి క్వార్టరుకు పోయాడు. అరిగిన మోకాళ్ళతో ఆ వీధి చివరిదాకా నడిచేసరికి చెమట పట్టింది. తలుపు కొట్టాడు. కొట్టాక, తను చేస్తున్న పని ఏమిటో తెలిసి, చెయ్యి గుంజుకున్నాడు.

రజిత తలుపు తీసింది. ఇంకా డ్యూటీ చొక్కాలోనే ఉంది. వేళ్ళకు బిళ్ళల ఇత్తడి వాసన. రమ్మనలేదు, పొమ్మనలేదు. తలుపు రెక్క పట్టుకుని నిలబడింది.

"బిడ్డా," అన్నాడు.

"చెప్పు బాపూ."

చెప్పాల్సింది దారి పొడుగునా కూడబలుక్కుంటూ వచ్చాడు. నాకు పేరు కనబడలేదు బిడ్డా. నేను అన్‌ఫిట్ ముందే అయితే బతుకుతుండె. నీ పెనిమిటని తెలిస్తే నేను ఒత్తకపోదును. ఒక్కొక్క మాటా నాలుక చివరికి వచ్చింది. వచ్చిన ప్రతిదీ కారణమే. చక్కటి వాక్యంలా, తెర మీద రాయటానికి సిద్ధంగా. మింగేశాడు.

రజిత తల తిప్పి లోపల గోడ గడియారం వైపు ఒకసారి చూసింది. మళ్ళీ తండ్రి మొహం వైపు చూసింది.

"చెప్పు. ఆగుతున్న," అంది.

వీధిలో ఎవరో సైకిల్ మీద పోయారు. లోపల పాప బొమ్మతో ఏదో మాట్లాడుకుంటోంది. తొంభై సెకన్లు దాటాయి. ఆమె తలుపు వేయలేదు. నూట ముప్ఫై దాటాయి. అతనికి లెక్కపెట్టాల్సిన పని లేదు, ఒంట్లోనే మోగుతున్నాయి. రెండు వందలు. ఆమె కళ్ళు నిండాయి, చెయ్యి తలుపు మీది నుంచి కదల్లేదు. ఒక్క మాట. కారణం కాని ఒక్క మాట. అతను వెతుకుతూనే ఉన్నాడు.

రజిత పూర్తిగా నాలుగు నిమిషాలు ఆగింది. ఆ తర్వాత, చప్పుడు కాకుండా, తలుపు మూసింది.